ఇంగ్లీషు ‘రన్’ పరుగెత్తే చోట తెలుగు ఏం చేస్తుంది?

అనువాద_సాధన

నమస్కారం. ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తూ ఒక పేజీ దగ్గర చిక్కుకుపోయాను. ఆ పేజీలో రచయిత ‘రన్’ అనే క్రియను పట్టుకుని వదలడు. కథానాయకుడి అక్క హోటల్ ‘రన్’ చేస్తుంది. ఆమెకు జలుబు చేసి ముక్కు ‘రన్’ అవుతోంది. విడిపోయిన భర్త మేయర్ పదవికి ‘రన్’ చేస్తున్నాడు. హోటల్ వెనక ఒక కాలువ ‘రన్’ అవుతూ పోయి నదిలో కలుస్తుంది. పేజీ చివర ఒక కుక్క వస్తుంది, అది మాత్రం నిజంగానే పరుగెత్తుతుంది. ఇంగ్లీషు పాఠకుడు ఆ కుక్క దగ్గరకు వచ్చేసరికి నవ్వుకుంటాడు. నా తెలుగులో అక్క నడుపుతోంది, ముక్కు కారుతోంది, భర్త పోటీ చేస్తున్నాడు, కాలువ ప్రవహిస్తోంది, కుక్క పరుగెత్తింది. తప్పేమీ లేదు. ఎవరూ నవ్వరు, అంతే.

నిఘంటువు తీస్తే ఈ ఒక్క మాటకే పేజీలకు పేజీలు. మూడక్షరాల మాటకు ఇంత సంసారం ఎలా ఏర్పడింది? ఆ ఆటను తెలుగులో నిలబెట్టే దారి ఏదైనా ఉందా? పెద్దలు చెప్పాలి.

పాతనిఘంటువు

సాధన గారూ, మీరు పట్టుకున్నది ఇంగ్లీషులోకెల్లా పెద్ద సంసారం ఉన్న మాటనే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ మూడో కూర్పు కోసం ఈ మాటను తిరగరాసినప్పుడు ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు తేలాయి. ఆ పని పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడి చేతికి వచ్చింది, ఆయనకు సుమారు తొమ్మిది నెలలు పట్టింది. ఈ లెక్క 2011లో బయటకు వచ్చింది. అంతకుముందు కిరీటం ‘సెట్’ది. 1989 నాటి రెండో కూర్పులో దానికి 430 అర్థాలు ఉండేవి.

ఈ తలనొప్పి ఈనాటిది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు అచ్చువేసినప్పుడే ముందుమాటలో కొన్ని క్రియల మీద విసుక్కున్నాడు. అర్థం వదులుగా ఉండి ఎటు పడితే అటు సాగే క్రియలు ఇంగ్లీషులో మరీ ఎక్కువని, వాటి వల్ల తన పని పెరిగిపోయిందని వాపోయాడు. ఆయన ఇచ్చిన జాబితాలో ‘గెట్’, ‘పుట్’, ‘సెట్’, ‘గో’, ‘టేక్’, ‘టర్న్’లతో పాటు ‘రన్’ కూడా ఉంది. గమనించండి, అన్నీ పొట్టి మాటలే. పిల్లలు మొదట నేర్చుకునేవి, నిఘంటుకారుడు చివరిదాకా తేల్చుకోలేనివి.

ఇక పుట్టుక. నీరు ‘రన్’ కావడాన్ని చాలామంది ఉపమానం అనుకుంటారు. మనిషి పరుగు ముందు, నీటి పరుగు తరువాత అని. అలా కాదు. ఈ మాటకు చుట్టమైన జర్మన్ క్రియలు రెండున్నాయి: ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం, ‘రిన్నెన్’ అంటే నీరు సన్నగా పారడం. ఇంగ్లీషులో ఆ రెండు పాయలూ ఒకే మాటలో కలిసిపోయాయి. కాబట్టి మీ కుక్కకు, కాలువకు, ఆ అక్కగారి ముక్కుకు మధ్య ఉన్నది పుట్టుకతో వచ్చిన చుట్టరికమే. హోటల్, మేయర్ పదవి తరువాత వచ్చి చేరినవి.

తర్కం_తిరగలి

645 అనే అంకెను చూసి అందరూ కళ్లు తేలేయడం నాకు నచ్చదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారి వర్డ్‌నెట్ చూడండి, అదే ‘రన్’కు క్రియగా 41 అర్థాలు మాత్రమే ఇస్తుంది. ఒకే భాష, ఒకే మాట. ఒకరికి 645, ఇంకొకరికి 41. అంటే ఈ లెక్కలు మాటలో లేవు, లెక్కపెట్టేవారి కత్తెరలో ఉన్నాయి. నన్నడిగితే అర్థం ఒక్కటే: ఒక దారి వెంట ఆగకుండా సాగడం. కుక్క సాగుతుంది, కాలువ సాగుతుంది, వ్యాపారం సాగుతుంది, ఒప్పందం అయిదేళ్లు సాగుతుంది. మిగతాదంతా పక్కనున్న నామవాచకం తెచ్చిపెట్టే హంగు.

పాతనిఘంటువు

కత్తెర సంగతి ఒప్పుకుంటాను. ఆక్స్‌ఫర్డ్ వారిది చరిత్ర నిఘంటువు. చచ్చిపోయిన వాడుకలు, ఓడల వాళ్లవి, వేటగాళ్లవి, నేతగాళ్లవి అన్నీ తేదీలతో సహా లోపల ఉంటాయి. వర్డ్‌నెట్ నేటి వాడుకను కంప్యూటర్ కోసం కట్టిన వల.

కానీ ‘అర్థం ఒక్కటే’ అన్న మాట మింగుడు పడదు. ఒక్కటే అయితే, ఆ ఒక్కటి తెలిసినవాడు మిగిలినవన్నీ తానే ఊహించి చెప్పగలగాలి. స్నానానికి తొట్టిలో నీళ్లు పట్టడాన్ని ‘రన్ ఎ బాత్’ అంటారని, మేజోడులో పోగు తెగి పైకి చీలిక పాకితే దాన్ని ‘రన్’ అంటారని ఎవరు ఊహిస్తారు? చెప్పాక ‘ఓహో, సరే’ అనిపిస్తుంది. చెప్పకముందు తట్టదు. చుట్టరికం కనిపించడం వేరు, ముందే తెలియడం వేరు.

తర్కం_తిరగలి

చెప్పాక ‘ఓహో’ అనిపిస్తే నాకు చాలు మాస్టారూ. నేర్చుకునేవాడికి కావలసింది కూడా అదే. 645 ముక్కలు బట్టీ పట్టమంటే పుస్తకం మూసి వెళ్లిపోతాడు.

పత్రికోద్యోగి

అర్థం ఒకటా వెయ్యా అనేది మీరు తేల్చుకోండి. మా వార్తల బల్ల దగ్గర రోజూ వచ్చే ఇబ్బందులు నేను చెబుతాను.

మొదటిది ఎన్నికలు. అమెరికాలో అభ్యర్థి పదవికి ‘రన్’ చేస్తాడు. బ్రిటన్‌లో అదే అభ్యర్థి ‘స్టాండ్’ చేస్తాడు. తెలుగులో మనం ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అంటాం. ఒకడు పరుగెత్తుతాడు, ఇద్దరు నిలబడతారు, ముగ్గురిదీ ఒకటే పని. ఆ పరుగు గుర్రప్పందేల నుంచి వచ్చిన ఊహ. ‘రన్నింగ్ మేట్’ కూడా అక్కడిదే. పందెంలో అసలు గుర్రానికి వేగం అందించడానికి అదే శాల నుంచి దించే రెండో గుర్రం అది. ఇప్పుడు ఉపాధ్యక్ష అభ్యర్థి. కొత్తగా చేరిన కుర్రాళ్లు ‘పరుగు సహచరుడు’ అని రాసి పంపిన రోజులున్నాయి. ‘ఆల్సో ర్యాన్’ మరీ ముచ్చటైనది. పందెం ఫలితాల్లో మొదటి మూడు స్థానాలూ రాశాక, ‘ఇవి కూడా పరుగెత్తాయి’ అంటూ మిగిలిన గుర్రాల పేర్లు కింద ఇచ్చేవారు. అక్కడి నుంచి, బరిలో ఉండీ లెక్కలోకి రాని అభ్యర్థికి అది బిరుదైపోయింది.

రెండోది ‘బ్యాంక్ రన్’. దీన్ని ‘బ్యాంకు పరుగు’ అంటే బ్యాంకే ఎటో పరుగెత్తినట్టు ఉంటుంది. పరుగెత్తేది డబ్బు వేసుకున్నవాళ్లు. ఖాతాదారులు ఒక్కసారిగా ఎగబడడం అనాలి. ఇప్పుడు వీధిలో వరుస కట్టి నిలబడే పని కూడా లేదు. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోవడానికి ఖాతాదారులు ప్రయత్నించారు. మర్నాడే ఆ బ్యాంకును నియంత్రణ సంస్థలు మూసేశాయి. ఆ రోజు మా శీర్షికలో ‘ఎగబడ్డారు’ అని పెట్టాం. ఎవరూ కాలు కదపలేదు కదా అని ఒకరు అభ్యంతరం చెప్పారు. వాదనలో పస ఉంది, కానీ శీర్షిక మారలేదు.

ఇంకా కొన్ని. ‘రన్-ఆఫ్’ అంటే ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు ముందున్న ఇద్దరి మధ్య జరిగే మలివిడత పోరు. ‘రన్-అప్’ అంటే ఎన్నికల ముంగిట. ‘గన్ రన్నింగ్’ అంటే తుపాకీ పట్టుకుని పరుగెత్తడం కాదు, ఆయుధాల దొంగ రవాణా. పత్రిక వార్తను ‘రన్’ చేస్తుంది, అంటే వేస్తుంది. మేము వార్తను ‘వేస్తాం’, ‘ఎత్తేస్తాం’, ‘లోపలి పేజీలోకి తోస్తాం’. పరుగెత్తించం.

బంతి_బ్యాటు

క్రికెట్ లేకుండా ‘రన్’ గురించి ఇంత చర్చా?

రెండు వికెట్ల మధ్య 22 గజాలు. బ్యాటర్ దాటాల్సిన గీత ప్రతి వైపూ వికెట్‌కు నాలుగడుగుల ముందుంటుంది కాబట్టి, గీతకూ గీతకూ మధ్య 58 అడుగులు. ఆ దూరం ఇద్దరూ దాటితే ఒక పరుగు. ఇంతవరకు మాట, పని ఒకటే. బంతి బౌండరీ దాటితే మాత్రం బ్యాటర్ చేతి గ్లవ్ సవరించుకుంటూ నిలబడే ఉంటాడు, ఖాతాలో నాలుగు ‘పరుగులు’ పడతాయి. వైడ్ వేస్తే ఎవరూ కదలకుండానే ఒకటి. పరుగు అనేది కాళ్లను వదిలేసి లెక్కలోకి వెళ్లిపోయింది. తెలుగు కూడా ఇంగ్లీషు వెంటే వెళ్లి ‘పరుగులేమీ తీయకుండానే ఆరు పరుగులు’ అని హాయిగా అనేస్తుంది.

‘రన్నర్’ సంగతి కూడా చెప్పాలి. గాయపడిన బ్యాటర్ కోసం పరుగెత్తి పెట్టేవాడు. అంతర్జాతీయ మ్యాచ్‌లలో 2011లో ఐసీసీ అతన్ని తీసేసింది. ‘రన్నరప్’ ఇతనికి ఏమీ కాడు. అది వేటకుక్కల పందేల మాట, చివరి పోటీ ఒక్కటే ఓడిన కుక్కకు ఇచ్చిన పేరు. పతకం మెడలో వేసుకున్న వాళ్లకు ఎవరూ చెప్పకండి.

సీతాకోక

నేను ఇంకా నేర్చుకుంటున్నాను. ఒక సందేహం. మనం ‘రన్నింగ్ బస్సు ఎక్కకూడదు’ అంటాం కదా, ఇంగ్లీషు వాళ్లు కూడా అలాగే అంటారా? ‘రన్ ఓవర్’ అంటే ఒక చోట వాహనం తొక్కేయడం అని, ఇంకో చోట పాలు పొంగడం అని ఉంది. ఏది సరైనది?

పాతనిఘంటువు

అమ్మాయీ, మంచి ప్రశ్నలు. కదులుతున్న బస్సును వాళ్లు ‘మూవింగ్ బస్’ అంటారు. బస్సు ‘రన్నింగ్’ అంటే ఆ మార్గంలో బస్సు తిరుగుతోందని, లేదా ఇంజన్ ఆడుతోందని. ఇంజన్ ఆడుతూ బస్సు నిలబడే ఉండవచ్చు. కాబట్టి మన ‘రన్నింగ్ బస్సు’ తెలుగు మాట. పుట్టింది ఇంగ్లీషులో అయినా పెరిగింది మన దగ్గర.

‘రన్ ఓవర్’ రెండూ సరైనవే, ఇంకా ఉన్నాయి. వాహనం మనిషి మీద నుంచి పోతే అది. పాలు గిన్నె అంచు దాటి పొంగితే అది. అనుకున్న వేళ దాటి సమావేశం సాగితే అది. ప్రసంగానికి ముందు కాగితాలు ఒకసారి తిరగేసుకుంటే అది. పక్కింటికి ఒక్క అంగలో వెళ్లివస్తే అదీ అదే. ఈ అయిదింటిలో ‘ఓవర్’ ఏం చేస్తోందో చూడు. మొదటి దానిలో ‘మీదుగా’, రెండు మూడింట్లో ‘హద్దు దాటి’, నాలుగో దానిలో ‘మొదటి నుంచి చివర దాకా’, అయిదో దానిలో ‘అవతలికి’. బరువంతా ఆ చిన్న మాట మోస్తోంది. ‘రన్’ ఊరికే కాళ్లు అరువిచ్చింది.

కోడు_రాసేవాడు

మా రంగంలో ఇది ప్రాణం. ప్రోగ్రామ్ ‘రన్’ అవుతుంది, ‘రన్‌టైమ్’లో తప్పు వస్తుంది, మెమరీ ‘రన్ అవుట్’ అవుతుంది. మెనూల్లో ‘అమలు చేయి’ అని అనువాదం ఉంటుంది కానీ, ఎవరి నోటా విన్లేదు. ‘రన్ చేసి చూడు’ అనే అంటాం. నాకు తెలిసి ఈ అర్థం యంత్రాల కాలం నుంచి వచ్చినదే. మరమగ్గం ‘రన్’ అయింది, రైలు ‘రన్’ అయింది, తరువాత మా కోడు. చక్రం తిరగడం ఆగిపోయినా మాట ఆగలేదు.

అమ్మమ్మ_మాట

మీరంతా ఇంగ్లీషు వైపు నుంచి చూస్తున్నారు. నేను తెలుగు వైపు నుంచి చూసి ఒకటి గమనించాను. ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు చాలాసార్లు నడుస్తుంది. బడి నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, గడియారం నడుస్తుంది, బండి నడుపుతాం, పత్రిక నడుపుతాం. నడవకపోతే ఆడుతుంది: సినిమా ఆడుతుంది, మిల్లు ఆడుతుంది, నోట్లో నాలుక ఆడుతుంది. అదీ కాకపోతే తిరుగుతుంది, సాగుతుంది, గడుస్తుంది. ‘ఇల్లు గడవడం’ అనే మాటకు ఇంగ్లీషులో ఏం పెడతారో పెట్టమనండి చూద్దాం.

జ్వరం వాళ్లకు ‘రన్’ అవుతుంది, మనకు కాస్తుంది. రక్తం వాళ్లకు చల్లగా పారుతుంది, మనకు ఒళ్లు జలదరిస్తుంది. ఓపిక వాళ్లకు ‘రన్ అవుట్’ అవుతుంది, మనకు నశిస్తుంది. ఇంట్లో సరుకు వాళ్లకు ‘రన్ అవుట్’ అవుతుంది, మనకు నిండుకుంటుంది! డబ్బా అడుగు కనిపిస్తుంటే ‘నిండుకుంది’ అనే భాష మనది. లేదు అన్న మాట ఇంట్లో పలకడానికి ఇష్టం లేక ఎవరో పెద్దావిడ మొదలుపెట్టి ఉంటుంది.

సామెతల సంగతి సరేసరి. లోతైన నీరు నిశ్శబ్దంగా పారుతుందని వాళ్లంటే, నిండుకుండ తొణకదని మనం అన్నాం. కుందేలుతో పరుగెత్తుతూనే వేటకుక్కలతో కలిసి వేటాడడం అని వాళ్లంటే, దొంగకు తలుపు తీసి దొరను లేపడం అని మనం అన్నాం. అసలు పరుగు మీద మన అభిప్రాయం ఏమిటో తెలియాలంటే ఒక్క సామెత చాలు: పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు.

తర్కం_తిరగలి

అమ్మా, సామెత బాగుంది. అంతమాత్రాన తెలుగువాడు నిదానస్తుడని, ఇంగ్లీషువాడు తొందరగాడని తేల్చకండి. తెలుగులోనూ కాలం పరుగెత్తుతుంది, ధరలు పరుగెత్తుతాయి, పేజీల మీద చూపు పరుగెత్తిస్తాం. ఏ క్రియ ఏ పనికి కుదురుకుందనేది చాలావరకు అలవాటు. జాతి స్వభావాన్ని అందులో వెతికితే దొరకనిది ఉండదు.

అమ్మమ్మ_మాట

స్వభావం అని నేనెక్కడ అన్నాను నాయనా? నడుస్తుంది అన్నాను. నువ్వే పరుగెత్తావు.

పాతనిఘంటువు

ఇద్దరూ ఆగండి. అసలైన మాట ఒకటి ఎవరూ పట్టుకోలేదు. తెలుగులో ‘పారు’ చూడండి. నీరు పారుతుంది. దొంగ పారిపోతాడు. రెండూ ఒకే క్రియ. పాత తెలుగులో బండి ‘ఱ’తో ‘పాఱు’ అంటే పరుగెత్తడం కూడా, ప్రవహించడం కూడా. పరుగు, ప్రవాహం ఒకే మాటలో ఇమడడం అనే ఏ విశేషం కోసం మనం ఇంగ్లీషును చూసి ఆశ్చర్యపోతున్నామో, అది మన పెరట్లోనే ఉంది. ఇంగ్లీషు ఆ మాటను పట్టుకుని యంత్రాల దాకా, ఎన్నికల దాకా తీసుకెళ్లింది. తెలుగు ‘పారు’ను నీటికీ, పారిపోయేవాడికీ, ‘చూపు పారినంత మేర’ లాంటి నాలుగు వాడుకలకూ వదిలేసి, మిగతా బాధ్యతలు నడకకూ ఆటకూ పంచింది.

నానార్థాల విషయంలో మనమేమీ వెనకబడలేదు. అమరకోశం మూడో కాండలో నానార్థవర్గమే ఉంది. ‘హరి’ ఒక్క మాటకు అమరసింహుడు యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని పదమూడు చెప్పి, కపిలవర్ణం అని పద్నాలుగోది చేర్చాడు. దేవుడి నుంచి కప్ప దాకా ఒక్క శ్లోకంలో తేల్చేశాడు. కాకపోతే అవి నామవాచకాలు, పద్నాలుగు వేర్వేరు వస్తువులు. ‘రన్’కు పోటీగా నిలపాలంటే క్రియ కావాలి. ‘పట్టు’ను నిలపవచ్చు. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, చెమట పట్టింది, గంట పట్టింది, పంతం పట్టాడు, గొడుగు పట్టాడు, సంచిలో పట్టలేదు, వాడికి ఏదీ పట్టదు. తెలుగు నేర్చుకునే పరాయివాడు ఇక్కడ ఎంత అవస్థ పడతాడో, మనం ‘రన్’ దగ్గర అంతే పడుతున్నాం.

అనువాద_సాధన

మాస్టారూ, ‘పారు’ నాకు తట్టనే లేదు! అమ్మమ్మ గారి నడక, పత్రికోద్యోగి గారి నిలబడడం, మీ పారడం మూడూ కలిపి ఇలా రాశాను, చూడండి:

‘అక్క హోటల్ నడుపుతోంది. బావ, అంటే ఒకప్పటి బావ, మేయర్ పదవికి నిలబడ్డాడు. నడిచేది ఒకరు, నిలబడేది ఒకరు, ఆ కాపురం అందుకే కుదరలేదు. హోటల్ వెనక కాలువ పారుతుంటుంది, జలుబు చేసిన అక్క ముక్కుతో పోటీ పడుతూ. ఇంతలో ఒక కుక్క వచ్చింది, అందరినీ ఒకసారి చూసి పారిపోయింది.’

కాపురం వాక్యం మూలంలో లేదు. అది నేను చేర్చినది.

పత్రికోద్యోగి

ఉంచండి. మూలంలో ఉన్న నవ్వు ఒక చోట పోయింది, ఇంకో చోట దొరికింది. లెక్క సరిపోయింది.

తర్కం_తిరగలి

నాకు ఒప్పుదల లేదు. కుక్క ‘పారిపోయింది’ అంటే భయపడిందని అర్థం. మూలంలో అది ఊరికే పరుగెత్తింది. రచయిత కుక్కను పిరికిదాన్ని చేసే హక్కు అనువాదకులకు ఎవరిచ్చారు?

అనువాద_సాధన

తరువాతి పేజీలో ఆ కుక్క నిజంగానే భయపడుతుంది, మేయర్ అభ్యర్థి బాజాభజంత్రీలకు. ఒక పేజీ ముందే భయపెట్టాను, అంతే.

నిర్వాహకుడు

కుక్క కేసు ఇక్కడితో కొట్టివేస్తున్నాం. నుడికారాల మీద అడగాలనుకున్నవారు అడగండి.

కోడు_రాసేవాడు

నేను అడుగుతాను. ‘రన్ ది గాంట్‌లెట్’లో గాంట్‌లెట్ అంటే ఇనుప చేతితొడుగు కదా. చేతితొడుగును పరుగెత్తించడం ఏమిటి? ‘రన్ అమోక్’లో అమోక్ ఎవరు?

పాతనిఘంటువు

మొదటి దానిలో చేతితొడుగు దొంగగా దూరింది. అసలు మాట స్వీడిష్. ‘గాటా’ అంటే వీధి, ‘లోప్’ అంటే పరుగు, కలిపి ‘గాట్‌లోప్’. సైన్యంలో ఒక శిక్ష అది. సిపాయిలు రెండు వరుసల్లో ఎదురెదురుగా కర్రలు పట్టుకుని నిలబడతారు. నేరం చేసినవాడు ఆ సందులోంచి ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి, ఇరువైపులా దెబ్బలు పడుతుంటాయి. పదిహేడో శతాబ్దంలో యుద్ధాల్లో విన్న ఈ మాటను ఇంగ్లీషువాళ్లు ‘గాంట్‌లోప్’ అన్నారు. తెలియని మాట నోరు తిరగక, తెలిసిన చేతితొడుగు పేరులోకి జారిపోయింది. సవాలుగా చేతితొడుగు కింద పడేసే ‘గాంట్‌లెట్’ వేరు, అది ఫ్రెంచి నుంచి వచ్చింది. ఇప్పుడు విలేఖరుల గుంపు మధ్య నుంచి మంత్రి కారెక్కితే చాలు, ‘రన్ ది గాంట్‌లెట్’ అంటారు.

‘అమోక్’ మనిషి కాదు, మలయ్ మాట. ఒళ్లు తెలియని ఆవేశంతో కనిపించినవారి మీదల్లా విరుచుకుపడడం. ఆగ్నేయాసియాకు వెళ్లిన యూరప్ యాత్రికులు రాసుకుని తెచ్చారు. ఇప్పుడు పిల్లలు ఇల్లు పీకి పందిరేసినా అదే మాట.

అడగలేదు కానీ ఇంకొకటి చెబుతాను. ‘రన్ ది గామట్’. మధ్యయుగపు యూరప్ సంగీతంలో అట్టడుగు స్వరం ‘గామా’, స్వరాల వరుసకు మొదటి అక్షరం ‘ఉట్’. రెండూ అతికి ‘గామట్’ అయి, కింది నుంచి పై దాకా ఉన్న స్వరాలన్నింటికీ పేరైంది. ఒక నటి ముఖంలో కోపం నుంచి కరుణ దాకా అన్నీ పలికితే ఈ మాట వాడతారు. మనకు నవరసాలు ఉన్నాయి కాబట్టి అనువాదం కష్టం కాదు.

‘రన్ ఆఫ్ ది మిల్’ మరీ తేలిక. మిల్లు నుంచి వచ్చిన సరుకును ఏరి, మేలురకం నాసిరకం విడదీయకముందు ఉన్న గుట్ట. సాదాసీదా అనండి చాలు.

బంతి_బ్యాటు

‘కట్ అండ్ రన్’? బ్యాట్‌తో కట్ కొట్టి పరుగు తీయడం అనుకునేవాడిని చిన్నప్పుడు.

పాతనిఘంటువు

ఓడది. శత్రువు మీద పడుతుంటే లంగరు పైకి లాగే వ్యవధి ఉండదు. తాడు తెగనరికి గాలివాటున పోవడమే. లంగరు పోతే పోయింది, ఓడ దక్కింది. ఇప్పుడు బాధ్యత మధ్యలో వదిలేసి జారుకునేవారి మీద విసురు.

సీతాకోక

మాస్టారూ, ఇంకొక్కటి. మా పుస్తకంలో రెండు వాక్యాలు పక్కపక్కన ఇచ్చి తేడా చెప్పమన్నారు. ఒకటి ‘హి ర్యాన్ అప్ ఎ బిల్’, రెండోది ‘హి ర్యాన్ అప్ ఎ హిల్’. ఒక అక్షరమే తేడా. వ్యాకరణంలో ఏం తేడా ఉంటుంది?

పాతనిఘంటువు

చూడటానికి కవలలు, లోపల వేరు. కొండ వాక్యంలో ‘అప్’ కొండకు చెందినది. ‘కొండ పైకి’ అనేది ఒక ముక్క, ‘పరుగెత్తాడు’ ఒక ముక్క. బిల్లు వాక్యంలో ‘అప్’ క్రియకు చెందినది. ‘రన్ అప్’ కలిసి ఒకే క్రియ, అప్పు పెంచుకుంటూ పోవడం అని.

పరీక్షించడం సులువు. ‘అప్’ను పట్టుకుని చివరకు జరిపి చూడు. ‘హి ర్యాన్ ఎ బిల్ అప్’ అనవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ‘హి ర్యాన్ ఎ హిల్ అప్’ అంటే వింటున్నవాడు ఆగిపోతాడు. బిల్లు బదులు ‘ఇట్’ పెడితే ‘ర్యాన్ ఇట్ అప్’ అనాలి. కొండ బదులు పెడితే ‘ర్యాన్ అప్ ఇట్’ అనాలి. తెలుగులో ఈ గొడవ రాదు. కొండ ఎక్కినవాడు ఎక్కాడు, అప్పు చేసినవాడు చేశాడు.

సీతాకోక

అర్థమైంది. అయితే ‘రన్ డౌన్’ కూడా ఇలాగే విడుతుందా?

పాతనిఘంటువు

కొన్నిసార్లు. కారు ఒకరిని గుద్ది పడేస్తే విడుతుంది, ఆ మనిషి మధ్యలోకి వస్తాడు. తోటి ఉద్యోగిని వెనక నుంచి చులకన చేసి మాట్లాడినా విడుతుంది. దొరకని కాగితం కోసం వెతికి వెతికి పట్టుకున్నా విడుతుంది. బ్యాటరీ అయిపోతే మాత్రం విడదీయడానికి మధ్యలో ఏమీ ఉండదు, బ్యాటరీయే కర్త. మెట్ల మీద దిగితే అది నీ కొండ వాక్యమే, ‘డౌన్’ మెట్లది. ఇక పాడుబడిన ఇంటికీ, పని ఎక్కువై నీరసించిన మనిషికీ అది విశేషణం. మెట్లది వదిలేసి మిగిలిన అయిదింటికీ తలా ఒక వాక్యం రాసి ఇక్కడ పెట్టు, దిద్దుతాను.

తర్కం_తిరగలి

ఆరు మాస్టారూ. ‘వివరాలన్నీ ఒకసారి చెప్పు’ అనడానికి ‘రన్‌డౌన్’ అని నామవాచకం కూడా ఉంది.

పాతనిఘంటువు

అర్థం ఒక్కటే అన్న పెద్దమనిషి ఇప్పుడు ఆరు లెక్కపెడుతున్నాడు. సరే, ఆరు. అమ్మాయీ, ఆరో వాక్యం ఆయనే దిద్దుతారు.